అత్త మూసిన కొళాయిలు

శుక్రవారం వచ్చింది, వెళ్లింది. బెంగుళూరు ఫోను మాత్రం రాలేదు.

పోయిన వారం హేమావతిని ఎక్కడ వదిలామో మీకు గుర్తుండే ఉంటుంది. ధర్మవరంలో ఒక ఇరుకు సందులో, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పైకొయ్యకు సుతిలితో కట్టిన ఫోను వైపు తలెత్తి చూస్తూ కూర్చుంది. బెంగుళూరులో చీరల కొట్టు నడిపే పుష్పావతి ఆ ఫోనుకు వీడియో కాల్ చేస్తానంది. అత్తాకోడళ్లు కుట్టు అంచు నేస్తుంటే కళ్లారా చూస్తానంది. చూసి నచ్చితే ఏడాది పొడుగునా ఈ మగ్గానికి పని. అంతకు ముందు వారం ఆమె ఒకసారి కాల్ చేసింది కూడా. నాలుగు మాటలు కాకుండానే తెర మీద ఆమె ముఖం సగం నవ్వుతో బిగుసుకుపోయింది. రోజుకింత అని కొలిచి పోసే ప్రీపెయిడ్ డేటా అది. ఆ రోజు వంతు మొత్తాన్ని అత్త సుబ్బలక్ష్మమ్మ చూసిన చెక్కభజనల వీడియోలు పొద్దున్నే తాగేసి కూర్చున్నాయి. పుష్పావతి మంచి మనిషి కాబట్టి మర్నాడు పొద్దున మెసేజి పెట్టి ఇంకొక్క శుక్రవారం ఇచ్చింది.

ఆ శుక్రవారం కూడా ఊరికే పోయింది. ఇప్పుడు శనివారం పొద్దున. మగ్గం మీద మిగిలింది మూరెడు వార్పు, అంటే ఇంకా నేయాల్సిన నిలువు పోగులు.

ఆ మూరెడు చుట్టూ ఒక మాట ఉంది. హేమావతి భర్త మార్కండేయ చెడ్డవాడేమీ కాదు. గుంతలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేస్తే పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు. షావుకార్లు కుట్టు అంచు చీరలు అడగడం మానేశారు, ఈ మగ్గాన్ని ఎన్నాళ్లు మోస్తామని అతని వాదం. సోమందేపల్లి రామదాసు పాత మగ్గాలు కొని కట్టె కట్టెకు, ఇనుము ఇనుముకు విడదీసి అమ్ముకుంటాడు. అతనితో బేరం కూడా అయిపోయింది. హేమావతి కాళ్లావేళ్లా పడి ఒక గడువు సంపాదించింది. "ఈ వార్పు అయిపోయేలోపల కొత్త పని రాకపోతే మగ్గం ఇచ్చెయ్. నేను నోరు తెరవను," అంది. అన్నది తనే. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. మగ్గం పోతే రేపటి నుంచి తనూ షెడ్డులో దారం చుట్టే పనికి పోవలసిందే. పదేళ్లు చేతులకు నేర్పుకున్న విద్య చేతుల్లోనే ఎండిపోతుంది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. నిజమే కావచ్చు. కానీ కుట్టు అంచు నేతలో ఆ సామెత పనికిరాదు. చీర నడుమ ఒక రంగు, అంచు ఇంకో రంగు. రెండు రంగుల పేకలూ, అంటే అడ్డపోగులూ, అంచు గట్టు దగ్గర ఒకదానికొకటి మెలిపడి ఆగాలి, ఒకటి ఇంకోదానిలోకి పొర్లకూడదు. ఒక్క మనిషి చేతులు దానికి చాలవు. నడుమ కూర్చున్న హేమావతి అడ్డపోగును మోసే తన నాడె విసిరితే, కుడిపక్క పీట మీద కూర్చున్న సుబ్బలక్ష్మమ్మ అంచు నాడె అందించాలి. మాటలున్నా లేకున్నా చేతులు మాట్లాడుకోవాలి. అందుకే ఆ ఇంట్లో అత్తాకోడళ్లు అలిగి మూలకు పోయి కూర్చోవడం ఎప్పుడూ కుదరలేదు. పోట్లాట కూడా మగ్గం మీదే.

ఆ పొద్దు హేమావతి గుంతలో కాలి కింది పలక తొక్కుతుంటే ఇల్లంతా అదురుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దెబ్బ మీద దెబ్బ మగ్గానికి పడుతోంది.

"అత్తా, నాడె బిరీన యెయ్యి. చెయ్యి పడిపోయిందా?"

"నీ చెయ్యి పరిగెత్తుతాంటే నా చెయ్యి యాడికని పోతాది మే," అంది సుబ్బలక్ష్మమ్మ. "నీ కోపం నా మీదనా, పట్టు మీదనా? నా మీదైతే నన్ను తిట్టు. పట్టేం చేసింది పాపం."

"నిన్ను తిడితే బెంగుళూరు ఫోను వస్తాదా?"

"ఫోను రాకపోతే నేనేం చేసేది?"

హేమావతి నాడెను విసిరినంత గట్టిగా మాటా విసిరింది. "ఏం చేసేదా? నిన్న ఎన్ని భజన్లు చూసినావు అత్తా? నిజం చెప్పు. నేను నీళ్లకు పోయినప్పుడు ఫోను దించినావు గదా."

నిన్న రాత్రి నుంచి ఆమె మనసులో కుమిలిన మాట అదే. నిన్న మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఇక ఆగలేక వాట్సాప్ తెరిచి "మేడం, ఈరోజు ఉందా" అని పెట్టింది. ఆ మాట పక్కన చిన్న గడియారం గుర్తు వచ్చి నిలబడిపోయింది. ఆమె దాన్ని ఎంతసేపు చూసినా కదల్లేదు. పుష్పావతి ఇంకా టైము కావాలంటోందేమో అని మొదట అనుకుంది. తర్వాత, తన మాటను అవతల ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థమైంది. మామూలుగా ఫోను చేద్దామంటే ఆ నంబరు కొట్టుది, వాట్సాప్‌కు తప్ప పలకదని పుష్పావతి మొదటిరోజే చెప్పింది. ఒకసారి డేటా లేక పరువు పోయింది, రెండోసారీ అదే జరిగిందంటే ఏ మహాతల్లి మూడోసారి పిలుస్తుంది? ఇంట్లో డేటా తాగేవాళ్లు ఇంకెవరున్నారు?

సుబ్బలక్ష్మమ్మ చేతిలో అంచు నాడె ఆగిపోయింది. ఆగితే మగ్గమే ఆగుతుంది.

"ఈ వారమంతా ఒక్క పాట యినింటే నా కండ్లు పోనీ," అంది ముసలామె. "నువ్వు దాన్ని పైన కట్టినప్పట్నుంచి దాని మొగం చూసినానా? చౌడమ్మ తల్లి సాచ్చిగా చెప్తాండా."

"నువ్వు యినకపోతే డేటా యేమైపాయ మల్ల?"

"నన్నడుగుతావేంటికి. దించి చూడరాదా."

హేమావతి గుంతలోంచి లేచి సుతిలి విప్పింది. తెర పైనుంచి కిందికి లాగితే రోజు లెక్క కనబడుతుంది. అత్త అబద్ధాన్ని అత్త కళ్ల ముందే పెట్టాలని లాగింది. ఈరోజు వాడింది సున్నా. నిన్నటిది నొక్కి చూసింది. నిన్నా సున్నా. అంతకు ముందు రోజూ సున్నా. కోపం పోలేదు గాని, ఎటు పోవాలో తెలియక నిలబడింది.

"ఎంతుండాది?" అంది సుబ్బలక్ష్మమ్మ మెడ చాచి.

"అంతా ఉండాది అత్తా. ఒక్క సుక్క కూడా పోలేదు."

ముసలామె ముఖం విచ్చుకుంది. "నిండుగా ఉండాదా? నాకు తెలుసులే. మూసిపిచ్చినా గదా."

"ఏం మూసిపిచ్చినావు?"

"కొళాయిలు," అంది సుబ్బలక్ష్మమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

ఆ ఇంట్లో నీళ్ల పెత్తనం ఎప్పుడూ ఆమెదే. సందులో కొళాయి వచ్చే రోజు ముందు తాగే బిందెలు, తర్వాత తొట్టి, ఆ తర్వాత చెంబులూ గిన్నెలూ చివరికి పిండి జల్లెడ కింద పెట్టే పళ్లెం దాకా నిండాల్సిందే. చుక్క కారే కొళాయి కనబడితే ఎవరింటిదైనా సరే, పోయి గుడ్డపీలిక చుట్టి వస్తుంది. ఈ గడ్డ మీద పుట్టి, ఈ గడ్డ మీదే ముసలిదైన మనిషి. పొదుపంటే ఆమెకు భక్తి.

"ఆ పొద్దు నా వల్ల నీ ఫోను ఎండిపాయ గదా," అని చెప్పుకొచ్చింది. "నువ్వు నన్నేమీ అనలే. అనింటే బాగుండు. మర్నాడు సాయంత్రం రీచార్జికని నువ్వే నా చేతికిచ్చి పంపితివి. శివప్ప కొట్టుకు పోయినా. అబ్బయా, దీంట్లో యాడ్యాడ కారిపోతాందో చూసి అన్నీ కట్టెయ్, శుక్రారం దాకా ఒక్క సుక్క పోగూడదు, ఆ పొద్దు మా హేమకు నిండుగా కావల్ల అంటి. ఆయప్ప చూపిచ్చినాడు. ఒక్కొక్క యాపుకు ఒక్కొక్క కొళాయి ఉంటాది. అన్నీ తిప్పేసినాడు. ఫోన్లు మాత్రం వస్తాయిలే అవ్వా అన్నాడు. ఇంగేం కావల్ల మనకు?"

శివప్ప వస్తాయన్నది మామూలు ఫోన్లు, వాట్సాప్‌కు కూడా డేటా కట్టేశారు. గడియారం గుర్తు ఎందుకు కదల్లేదో హేమావతికి ఇప్పుడు తెలిసింది. పుష్పావతి ఫోను రాకపోవడం కాదు, వచ్చిన ఫోనుకు తలుపు తెరుచుకోలేదు. ఆమె నిన్నంతా అవతల నిలబడి తలుపు కొట్టి కొట్టి పోయి ఉంటుంది.

"అత్తా," అంది చివరికి, "మిగిలింది రేపటికి రాదు. ఏ రోజుది ఆ రోజే. రాత్రి పన్నెండు కొడితే ఉన్నదంతా పోయి మల్ల కొత్తగా పోస్తారు."

"పోయి అంటే? యాడికి పోతాది?"

"యాడికీ పోదు. పారబోసినట్టే."

"దుడ్లిచ్చి కొన్నదాన్ని పారబోస్తారా?" సుబ్బలక్ష్మమ్మ నమ్మలేకపోయింది. "మిగిలినదాన్ని పారబోసే మనుషులు కూడా ఉండారా మే ఈ లోకంలో?"

తర్వాత ఆమెకు మిగతాది కూడా అర్థమవుతూ వచ్చింది. "అయితే నిన్న ఆయమ్మ పిలిచినా రాలేదా?" అని మాత్రం అడిగింది. హేమావతి తల ఊపింది. ముసలామె నాడెను ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

హేమావతికి అరవాలనే ఉంది. నిన్నటి నుంచి దాచుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ ఒక్క మాట అడ్డం పడింది. మా హేమకు నిండుగా కావల్ల. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అత్త తనను హేమ అనడం విన్నది గాని, మా హేమ అనడం ఎన్నడూ వినలేదు. అది కూడా శివప్ప కొట్టు దగ్గర, తను లేనప్పుడు అన్నది. వారమంతా భజనలు మానుకుంది. అవే ఈమెకు సాయంత్రం పూట తోడు. మంచి చేయబోయి చెడగొట్టింది, సరే. చేయబోయింది మాత్రం మంచే కదా. కళ్లల్లో నీళ్లు తిరిగి, నవ్వూ వచ్చింది హేమావతికి. రెండూ కలిస్తే మనిషి ముఖం చూడ్డానికి బాగుండదు. అందుకని ఫోనులోకి తల వంచేసింది.

"తెరుద్దాం అత్తా. చూద్దాం," అంది.

తొందరలో ఒక పొరపాటు చేసింది. వాట్సాప్ ఒక్కటీ తెరవాల్సింది పోయి, వరసగా కనబడినవన్నీ తెరిచేసింది. ఫోను ఒక్కసారిగా వణికింది. వారం రోజులు నోరు కట్టేసిన యాపులన్నీ ఒక్కుమ్మడిగా మీద పడ్డాయి. ఒకటి కొత్త వెర్షను దింపుకుంటోంది, ఇంకోటి వీడియోలు, బట్టలమ్మే యాపు బొమ్మలు, మార్కండేయ ఎప్పుడో వేసుకున్న పేకాట ఒకటి. వాట్సాప్ తెర మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది, ఒక్క మాటా దిగలేదు. అంతలో టింగుమని మెసేజి. ఈ రోజు డేటాలో సగం వాడేశారు. గుక్క తిప్పుకునేలోగా ఇంకోటి. చాలావరకు వాడేశారు.

"ఏమంటాంది?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"అయిపోతాంది అత్తా. అసలుది ఇంకా రాలే, ఉన్నదంతా వేరేవే లాగేస్తాండాయి."

సుబ్బలక్ష్మమ్మ పీట మీద నుంచి లేచి వచ్చింది. "అన్నీ ఒక్కసారి తిప్పినావా? తిప్పితే ఏ ఇంటికి వస్తాయి మే నీళ్లు? మన సందులో కింది ఇండ్లోళ్లు మోటార్లు పెట్టినప్పుడు మనకు వచ్చిన్నాయా ఎప్పుడన్నా? మూసెయ్. కావల్సిన ఒక్కటి పెట్టుకోని మిగిలినవన్నీ మూసెయ్."

హేమావతి వేళ్లు మగ్గం మీద కన్నా వేగంగా కదిలాయి. ఒక్కొక్కటీ మూస్తూ పోయింది. అత్త పక్కన నిలబడి, "అది మూసినావా? ఆ పేకాటది?" అని తరుముతూనే ఉంది. భజనల యాపు దగ్గరికి వచ్చేసరికి హేమావతి వేలు కొంచెం ఆగింది.

"అది ముందు మూయి," అంది సుబ్బలక్ష్మమ్మ.

ఒక్కటే మిగిలింది. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. తెర మీద మాటలు దిగడం మొదలైంది.

శుక్రవారం పుష్పావతి పిలిచిన పిలుపులన్నీ వరసగా కనబడ్డాయి. మధ్యలో చిన్న చిన్న మాటలు. హేమా, కాల్ కలవడం లేదు. మళ్లీ చేశాను. మీ ఇంట్లో అంతా బాగున్నారు కదా. అన్నిటికన్నా కింద, ఈ శనివారం పొద్దున పెట్టినది ఉంది. హేమావతి పైకే చదివింది.

"నేనే ధర్మవరం వస్తాండా. రైల్లో ఉన్నా. ఇంకొకరింట్లో మగ్గం చూడాలి, సాయంత్రం బండికి వెనక్కి పోతా. మీ మగ్గం ఇంకా నడుస్తాంటే చెప్పు, ముందు మీ ఇంటికే వస్తా. నేసిన చీరలు చూపిచ్చేవాళ్లు శానామంది ఉండారు. నాకు నేస్తా ఉండేవాళ్లు కావల్ల."

మడకశిర పక్క మనిషి పుష్పావతి. ఎంత బెంగుళూరులో ఉన్నా మాటలో ఆ యాస పోలేదు. హేమావతికి ఆ యాసే ధైర్యమిచ్చింది. "నడుస్తాండాది. రండి మేడం," అని పెట్టి, సందు గుర్తులు రాసింది. నొక్కింది. ఆ మాట పక్కన మళ్లీ ఆ గడియారం. అత్తాకోడళ్లిద్దరూ దాన్నే చూశారు. గడియారం పోయి ఒక గీత వచ్చింది. గీత పక్కన ఇంకో గీత. రెండూ నీలంగా మారాయి.

"స్టేషన్ బయట ఆటో ఎక్కుతాండా," అని జవాబు.

హేమావతి నవ్వింది. ఈ వారంలో మొదటిసారి మనసారా నవ్వింది. అప్పుడు చూసింది మగ్గం వైపు. చూసి నవ్వు ఆగిపోయింది.

కోపంలో ఎంత నేశారో ఇద్దరికీ తెలియలేదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పేక పడింది. పొద్దున మూరెడున్న వార్పు ఇప్పుడు జానెడుంది. దాని వెనక ఉన్న కొస కొత్త వార్పు అతకడానికి వదిలేది, దాన్ని ఎవరూ నేయరు. ఈ చీరకు మిగిలింది ఆ జానెడే. ఇంకాసేపు పోట్లాడుకుని ఉంటే పుష్పావతి వచ్చి చూసేందుకు ఏమీ మిగిలేది కాదు.

"ఇంగ ముట్టొద్దు," అంది సుబ్బలక్ష్మమ్మ. బిందెలో అడుగు నీళ్లు చూసినట్టు చూసింది ఆ పోగుల వైపు. "ఆయమ్మ వచ్చేదాకా ఇట్లనే ఉండనీ."

ఆ మాట పూర్తయిందో లేదో, వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు. మార్కండేయ లోపలికి వచ్చాడు. వెనకే చేతిలో సంచితో రామదాసు. సంచిలో ఇనుప సామాను గలగలలాడింది. రామదాసు వస్తూనే తలెత్తి, సంతలో గొర్రె పండ్లు చూసినట్టు మగ్గం పైనున్న, అంచు బొమ్మలు తీసే జకార్డు యంత్రాన్ని చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు మార్కండేయ. భార్య కళ్లల్లోకి చూడలేక వార్పు వైపు చూస్తూ అడిగాడు. "సామాన్ల ఆటో ఎనకాలే వస్తాండాది."

"ఆయమ్మ వస్తాంది," అంది హేమావతి. "పుష్పావతి మేడం. స్టేషన్ నుంచి ఆటోలో ఈడికే వస్తాంది. చూడు కావాలంటే." ఫోను చాపింది.

అతను ఫోను అందుకోలేదు. "నిన్న కూడా వస్తాదనే గదా హేమా. ఎన్నిసార్లు నమ్మల్ల? రామదాసన్న అంత దూరం నుంచి వచ్చినాడు. మాట అనుకున్నాం గదా మనం."

అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. అదే హేమావతికి కష్టమనిపించింది, ఎందుకంటే అన్నమాట తనది. రామదాసు సంచి కింద పెట్టి స్పానరు తీసి, జకార్డు కింది బోల్టు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తీయప్పా," అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆమె గట్టిగా అనలేదు. అయినా రామదాసు చెయ్యి తీశాడు.

"ఏమని మాట అనుకుంటిమి నాయనా?" అని కొడుకును అడిగింది. "వార్పు అయిపోతే ఇచ్చేద్దామని గదా. కండ్లు తెరిచి చూడు. జానెడుండాది."

"జానెడు ఎంతసేపమ్మా?"

"నేసేవాళ్లను బట్టి ఉంటాది," అంది సుబ్బలక్ష్మమ్మ.

అంతలో సందు మొదట్లో ఆటో చప్పుడైంది. అది మలుపు తిరిగి, దగ్గరికి వచ్చి, సరిగ్గా వాకిలి ముందు ఆగింది. మగ్గం దగ్గర నుంచి చూస్తే వాకిలి కనబడదు. మగ్గాన్ని మోసుకుపోయే ఆటోనో, స్టేషన్ నుంచి వచ్చిన ఆటోనో లోపలున్న ఎవరికీ తెలియదు. రామదాసు సంచి చేతికి తీసుకున్నాడు. మార్కండేయ బయటికి నడిచాడు. హేమావతి కూడా అతని వెనక కదలబోయింది.

సుబ్బలక్ష్మమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గర కూర్చోబెట్టింది. తను పీట మీద సర్దుకుని, అంచు నాడె చేతిలోకి తీసుకుంది.

"కూసో మే. వచ్చినోళ్లు ఎవరన్నా కానీ, మనం నేస్తా ఉండంగ చూడల్ల. మెల్లగ యెయ్యి."